వాకింగ్ షూ కొనేముందు మీ పాదాన్ని కొలవండి

మా అమ్మ చాలా ఏళ్లు రబ్బరు చెప్పులతోనే వాకింగ్ చేసింది. అరవై దాటాక ఒకరోజు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టయింది. పది అడుగులు నడిచేసరికి తగ్గింది. మర్నాడు మళ్లీ అదే. డాక్టర్ చూసి, మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలి కింద సాగే మందపాటి పట్టీ దెబ్బతిన్నదని, దాన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారని చెప్పారు. పిక్కలు సాగదీసే వ్యాయామం నేర్పారు. ఇంట్లో కూడా గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరగొద్దన్నారు. వాకింగ్‌కి మంచి షూ కొనుక్కోమని చెప్పి పంపారు.

మంచి షూ అంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. షాపులో బొటనవేలితో నొక్కి చూసి, అన్నిటికన్నా దూదిలా ఉన్న జత కొన్నాం. రెండు నెలలు తిరిగేసరికి మడమ కింద ఆ దూది అణిగి పలచబడింది. అమ్మ నొప్పి మాత్రం అలాగే ఉంది. షూ ఎలా తయారవుతుంది, నడిచేటప్పుడు కాలు ఎక్కడ వంగుతుంది అన్నది అప్పుడు కూర్చుని తెలుసుకున్నాను. రెండో జత సరిగ్గా కుదిరింది. ఆ తర్వాత నాన్నకి, పిన్నికి, పక్కింటివాళ్లకి కూడా తోడుగా షాపుకు వెళ్లాను. నాకు అర్థమైంది ఇది: మెత్తగా ఉండటం వేరు, కాలిని పట్టి నిలబెట్టడం వేరు. మీరు వెతకాల్సింది రెండోది. ఎలా వెతకాలో వరుసగా చెబుతాను.

ముందు ఇంట్లో చేయాల్సిన పని

సాయంత్రం పూట ఒక పావుగంట కేటాయించండి. సాయంత్రమే ఎందుకంటే, రోజంతా నిలబడి, తిరిగి పాదాలు కాస్త వాస్తాయి. పొద్దున కొలిచిన కొలతతో కొన్న షూ సాయంత్రానికి బిగుతవుతుంది.

ఒక తెల్ల కాగితాన్ని గోడకు ఆనించి నేల మీద పెట్టండి. మడమ గోడకు తగిలేలా కాగితం మీద నిలబడండి. కూర్చుని కొలవొద్దు. ఒంటి బరువు పడితే పాదం పొడవుగా, వెడల్పుగా పరుచుకుంటుంది, షూలో ఉండేది ఆ పాదమే. ఇంకొకరిని పిలిచి, అన్నిటికన్నా ముందుకు వచ్చిన వేలి దగ్గర గీత పెట్టమనండి. అది బొటనవేలే కావాలని లేదు, చాలామందికి దాని పక్క వేలు పొడవు. అలాగే బొటనవేలి మొదట్లో బయటికి పొడుచుకొచ్చే ఎముక నుంచి చిటికెన వేలి మొదటి దాకా వెడల్పు గుర్తు పెట్టండి. రెండు పాదాలకూ ఇలాగే చేయండి. రెండూ సమానంగా ఉండటం అరుదు. పెద్ద పాదానికి తగ్గట్టే షూ కొనాలి. రెండో కాలికి కాస్త వదులైతే సాక్సుతోనో లేసుతోనో సర్దుకోవచ్చు. బిగుతైతే సర్దుకునే దారి లేదు.

తర్వాత అరికాలు తడిపి, పొడిగా ఉన్న బండ మీదో, అట్టముక్క మీదో ఒక్క అడుగు వేసి తీయండి. అచ్చులో మడమకీ వేళ్ల మొదలుకీ మధ్య, లోపలి వైపు వంపు తిరిగి ఖాళీ కనిపిస్తే మీ పాదం మామూలు వంపుతో ఉంది. ఖాళీ లేకుండా అరికాలు మొత్తం పడితే చదును పాదం. మధ్యలో సన్నటి గీతో, అదీ లేకుండానో పడితే వంపు బాగా ఎత్తు. ఇది డాక్టరు పరీక్ష కాదు, ఒక అంచనా మాత్రమే. చదును పాదం ఉండి ఏ నొప్పీ లేనివాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లు కంగారు పడక్కర్లేదు. కానీ షాపులో ఏం అడగాలో ఈ అచ్చు చెబుతుంది.

చివరగా మీ పాత చెప్పులు తిరగేసి చూడండి. మడమ దగ్గర బయటి అంచు కొద్దిగా అరగడం మామూలే. లోపలి అంచు బాగా అరిగిందంటే అడుగు పడినప్పుడు మీ పాదం లోపలికి ఎక్కువగా వాలుతోందని అర్థం. ఒక కాలి చెప్పు ఒకలా, ఇంకోటి వేరేలా అరిగి ఉంటే, పైగా మోకాలో నడుమో నొప్పి కూడా ఉంటే, షూ కొనే ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకు ఒకసారి చూపించుకోండి. పాత చెప్పులు కూడా పట్టుకెళ్లండి.

సైజు విషయంలో జరిగే పొరపాట్లు

మన షాపుల్లో 7, 8 అని చెప్పేది ఎక్కువగా యూకే సైజు. అమెరికా సైజులు వేరు. మగవాళ్ల షూల్లో యూకే 8 అంటే అమెరికాలో సుమారు 9. ఆడవాళ్ల షూల్లో తేడా ఇంకా ఎక్కువ, రెండు అంకెల దాకా ఉంటుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో "నాన్నా, మీ సైజెంత?" అని అడిగి, "8" అంటే 8 తెచ్చేస్తారు. అది ఇక్కడికొచ్చాక కాలికి పట్టదు. సముద్రాలు దాటొచ్చిన షూని వెనక్కి పంపలేక, పిల్లలు బాధపడతారని చెప్పలేక, పెద్దవాళ్లు వేళ్లు ముడుచుకుని వాటితోనే నడుస్తారు. ఇలా వేళ్ల గోళ్లు నల్లబడినవాళ్లని నేను చూశాను. దయచేసి పిల్లలకు సైజు అంకె చెప్పకండి, పాదం పొడవు సెంటీమీటర్లలో చెప్పండి. పెద్ద బ్రాండ్ల షూల నాలుక, అంటే లేసుల కింద ఉండే పట్టీ లోపలి వైపు ఉండే చీటీ మీద యూకే, యూఎస్, ఈయూ అంకెల పక్కన సీఎం (సెంటీమీటర్లు) అని కూడా చాలావరకు ఉంటుంది. మీ కొలతతో పోల్చుకోవడానికి అన్నిటికన్నా నమ్మదగింది అదే.

యూకే పద్ధతిలో ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అందుకే ఏడు బిగుతు, ఎనిమిది వదులు అనిపిస్తే ఏడున్నర ఉందేమో అడగండి. ఎదుట పెట్టకపోయినా చాలా షాపుల్లో లోపల ఉంటుంది.

ఇక వెడల్పు. మనవాళ్ల కష్టాల్లో సగం ఇక్కడే. చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్లతో, చెప్పులతో తిరిగిన పాదాల వేళ్లు విచ్చుకుని ఉంటాయి. షూలు మాత్రం ఎక్కువగా యూరప్, అమెరికా పాదాల కొలతలతో చేసిన అచ్చుల మీద తయారవుతాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. మన పాదాలు వాళ్ల పాదాల కంటే వెడల్పని ఆ సర్వేలో తేలింది. అందుకే మనకు సొంత సైజుల పద్ధతి ఉండాలని "భ" అనే పేరుతో ఒకటి ప్రతిపాదించారు.

వెడల్పు చాలకపోతే మనం ఏం చేస్తాం? ఒక సైజు పెద్దది తీసుకుంటాం. షాపువాళ్లు కూడా అదే చెబుతారు. ఇది పైకి కనిపించనంత నష్టం చేసే సలహా. షూకి ముందు భాగంలో, వేళ్ల మొదలు ఆనే చోట వంగడానికి ఒక స్థానం ఉంటుంది. పాదం వంగేదీ అక్కడే. షూ పొడవైతే ఆ రెండు స్థానాలూ కలవవు. పాదం ఒకచోట, షూ ఇంకోచోట వంగుతాయి. మడమ అడుగడుక్కీ పైకి లేస్తుంది, వెనక బొబ్బలు వస్తాయి. జారకుండా పట్టుకోవడానికి మీకు తెలియకుండానే వేళ్లు ముడుస్తారు. కాబట్టి పొడవు మీ కొలత ప్రకారమే ఉంచి వెడల్పు పెంచుకోండి. కొన్ని బ్రాండ్లు ఒకే సైజును రెండు మూడు వెడల్పుల్లో ఇస్తాయి. మగవాళ్లకు మామూలు వెడల్పు డీ, ఆడవాళ్లకు బీ. మగవాళ్ల షూ మీద 2ఈ అంటే వెడల్పు, 4ఈ అంటే ఇంకా వెడల్పు. ఆడవాళ్ల పాదం బాగా వెడల్పైతే మగవాళ్ల మోడల్ వేసి చూడటంలో తప్పు లేదు. మా పిన్నికి చివరికి అదే కుదిరింది.

షాపులో

సాయంత్రం వెళ్లండి. మీరు రోజూ వేసుకునే సాక్సు వెంట తీసుకెళ్లండి. షాపులో ఇచ్చే పల్చటి నైలాన్ సాక్సుతో కుదిరిన షూ, మీ మందపాటి సాక్సుతో కుదరదు. మోకాలికి బెల్టో, కాలికి పట్టీలో వేసుకుంటారనుకోండి, అవీ ఉండాలి.

షూ కాలికి తొడిగే ముందే చేత్తో మూడు పనులు చేయండి.

మడమను వెనకనుంచి కప్పే గిన్నెలాంటి భాగాన్ని బొటనవేలితో గట్టిగా లోపలికి నొక్కండి. అది ఎదురు నిలవాలి. అట్టపెట్టెలా లోపలికి కుంగిపోతే ఆ షూ మీ మడమను పట్టుకోలేదు, వదిలేయండి. నా వరకూ అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే.

తర్వాత మడమనీ ముందు భాగాన్నీ రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్ల మొదలు దగ్గర వంగాలి. నడిమధ్యన పుస్తకంలా మడతపడితే పనికిరాదు. అస్సలు వంగకపోయినా కాలు లాగుతుంది.

మూడోది, తడి బట్ట పిండినట్టు మెలిపెట్టండి. కొద్దిగా తిరిగి ఆగాలి. తాడులా మెలి తిరిగిపోతే చదును పాదం ఉన్నవాళ్లకు అసలు పనికిరాదు.

ఈ మూడూ దాటిన షూ లోపల్నుంచి, అరికాలి కింద పరిచి ఉండే ఇన్‌సోల్ బయటికి తీయండి. చాలా షూల్లో అతికించి ఉండదు, లాగితే వస్తుంది. దాన్ని నేల మీద పెట్టి, మడమ సరిగ్గా ఆనించి నిలబడండి. పాదం అంచులు ఇన్‌సోల్ దాటి బయటికి పొంగుతున్నాయా? అయితే ఆ షూ మీకు ఇరుకు. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత, అంటే సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పైనుంచి షూ ముక్కు నొక్కి చూడటం కంటే దీంతో నిజం తెలుస్తుంది, ఎందుకంటే పైనుంచి నొక్కినప్పుడు మనం తెలియకుండానే వేళ్లు ముడుస్తాం.

ఇప్పుడు రెండు కాళ్లకూ తొడిగి లేసులు కట్టుకుని నడవండి. ఒక్క కాలికి వేసి అద్దంలో చూసుకుంటే చాలదు. షాపు కార్పెట్ మీద కాకుండా టైల్స్ మీద, వీలైతే మెట్లు కూడా ఎక్కి దిగండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకోకూడదు. నడిచేటప్పుడు మడమ లోపల జారకూడదు. వేళ్లు లోపల వీణ వాయించినట్టు ఆడించగలగాలి. ఐదు నిమిషాలైనా తిరగండి, ఎవరేమనుకున్నా పర్లేదు. "వేసుకుంటూ ఉంటే వదులవుతుందండీ" అని అంటారు. తోలు బూటు కొంత సాగుతుంది. వాకింగ్ షూ వేసిన మొదటి నిమిషం నుంచే హాయిగా ఉండాలి. నొక్కే షూ డబ్బులిచ్చాక కూడా నొక్కుతుంది.

మెమరీ ఫోమ్ గురించి రెండు మాటలు. షాపులో కాలు పెట్టగానే కుంగి, పాదం ఆకారం పట్టుకుంటుంది, హాయిగా అనిపిస్తుంది. కానీ అది పైపూత లాంటిది. అసలు బరువు మోసేది దాని కింద, రబ్బరు అడుగుకు పైన ఉండే మిడ్‌సోల్. చాలా షూల్లో ఇది ఈవీఏ అనే నురగతో చేస్తారు. నొక్కితే కొద్దిగా దిగి వెంటనే ఎగరాలి. మీ బరువు ఎక్కువైతే ఇంకాస్త గట్టిగా ఉన్నదే తీసుకోండి. మెత్తటి నురగ మీ బరువుకు తొందరగా చచ్చిపోతుంది.

రన్నింగ్ షూతో నడవొచ్చా అని చాలామంది అడుగుతారు. నడవొచ్చు. మడమ దగ్గర మరీ ఎత్తుగా, రెండు వైపులా వెడల్పుగా విచ్చుకున్న మోడల్ మాత్రం వద్దు, పెద్దవాళ్లకు కాలు మడతపడే ప్రమాదం ఉంది. బాడ్మింటన్ షూ, కాన్వాస్ షూ రోజూ మూడు నాలుగు కిలోమీటర్ల నడకకు సరిపడవు.

డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. పాత మోడల్ తక్కువ ధరకు వస్తే సంతోషంగా కొనుక్కోవచ్చు, కానీ మరీ ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్నది వద్దు. కొన్ని షూల అడుగు పాలీయురేథేన్‌తో చేస్తారు. గాల్లో తేమకు అది లోలోపల విరిగిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో పెట్టెలో దాచిన కొత్త షూ, వేసుకున్న రోజే బెల్లం ముక్కలా పొడిపొడిగా రాలడం మీరూ చూసి ఉంటారు. దాచుకోవద్దు, వేసుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకు

ఈ భాగం దయచేసి నిదానంగా చదవండి. షుగర్ ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. షూ కరిచినా, లోపల రాయి ఉన్నా తెలియదు. పుండు పడ్డాకే తెలుస్తుంది. అందుకే "నాకు బాగానే ఉంది" అన్న వాళ్ల మాటను బట్టి సైజు తేల్చకూడదు. ఇన్‌సోల్ మీద నిలబెట్టి కళ్లతో చూసి తేల్చాలి. స్పర్శ తగ్గినవాళ్లు బిగుతుగా ఉంటేనే పట్టినట్టుందని పొరబడతారు.

లోపల చెయ్యి పెట్టి కుట్లు, ముడులు ఎక్కడైనా తగులుతున్నాయేమో తడమండి. ప్రతిరోజూ తొడిగే ముందు షూ తిరగేసి దులపండి. సాక్సు లేతరంగుది వేసుకోండి, రక్తం గానీ చీము గానీ అంటితే వెంటనే కనిపిస్తుంది. మొదటి వారం రోజుకు అరగంటకు మించి వేసుకోకుండా, విప్పగానే పాదం ఎర్రబడిందేమో ఇంట్లోవాళ్ల చేత చూపించుకోండి.

మన ఊళ్లలో ఎంసీఆర్ చెప్పులు అని అడిగి కొనుక్కుంటారు కదా, ఆ మైక్రోసెల్యులర్ రబ్బరుకు ఒక గొప్ప చరిత్ర ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా కాపాడటానికి ఈ రబ్బరుతో పాదరక్షలు చేయించారు. తర్వాత అదే షుగర్ పాదాలకూ ఉపయోగపడింది. ఇంట్లో తిరగడానికి ఇవి మంచివి. బయట నడకకు మాత్రం మడమను చుట్టూ పట్టే షూ, లేదా వెనక పట్టీ ఉన్నవి ఎంచుకోండి. పాదం ఆకారం మారినా, ఇంతకుముందు పుండు పడినా సొంతంగా కొనవద్దు. డాక్టరు రాసిచ్చిన కొలతలతో చేయించుకోవాలి.

చీర మీద షూ

మా అమ్మ షూ వద్దనడానికి నొప్పీ కారణం కాదు, ధరా కాదు. "చీర మీద షూ ఏమిటి, నలుగురూ చూస్తారు" అంది. మీ ఇంట్లోనూ ఇదే మాట వచ్చి ఉంటుంది. ఆ మాటను కొట్టిపారేయకండి. తెల్లటి, మెరిసే గీతల షూ కాకుండా ముదురు రంగుది, బూడిద రంగుదో నల్లదో చూడండి. కుచ్చిళ్లు ఒక అంగుళం పైకి కట్టుకుంటే షూలో చిక్కుకోవు, తొక్కి పడే భయమూ ఉండదు. వారం రోజులు తోడుగా మీరూ వెళ్లండి. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ బీచ్ రోడ్డు మీదనో పొద్దున్నే చూస్తే చీర మీద షూతో చకచకా నడిచే అమ్మలు కనిపిస్తారు. వాళ్లని చూశాకే మా అమ్మ బెరుకు పోయింది.

పెద్దవాళ్లకు వంగి లేసు కట్టుకోవడం కష్టం. దానికి స్లిప్-ఆన్ కొనేస్తాం, అది మడమను సరిగా పట్టదు. దాని బదులు వెల్క్రో పట్టీలున్నది చూడండి, లేదా మామూలు షూకే సాగే లేసులు వేయించండి. గుమ్మం దగ్గర ఒక కుర్చీ, పొడవాటి షూ హార్న్ (మడమ షూలోకి జారేలా వెనక పెట్టుకునే గరిటెలాంటిది) పెట్టండి.

వేసుకునే పద్ధతి కూడా ఉంది

మనం గుడి దగ్గర విప్పుతాం, ఇంటి గుమ్మంలో విప్పుతాం. ఇన్నిసార్లు లేసు ఎవరు విప్పుతారని, కట్టిన లేసు కట్టినట్టే ఉంచి మడమ తొక్కి కాలు దూర్చేస్తాం. మీరు షాపులో అంత గట్టిగా నొక్కి చూసి కొన్న ఆ వెనక గిన్నె ఇలా నెల రోజుల్లో నలిగిపోతుంది. లేసు వదులు చేసి విప్పండి, వదులు చేసి తొడగండి.

చీలమండకు దగ్గరగా, చివర్న ఒక రంధ్రం ఖాళీగా మిగిలి ఉంటుంది. చాలామంది దాన్ని వాడరు. మడమ జారుతుంటే ఆ రంధ్రంలోకి అదే వైపు లేసు దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండు వైపులా అలా చేసి, ఎదుటి ఉచ్చుల్లోంచి లేసుల కొసలు తీసి బిగించి ముడి వేయండి. మడమ కదలదు. దీని వల్ల మార్చేద్దామనుకున్న షూ నిలబడింది మా నాన్నకి.

ఎప్పుడు మార్చాలి

సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు నడిచాక మిడ్‌సోల్ నురగ ఎగరడం మానేస్తుంది. రోజుకు మూడు కిలోమీటర్లు నడిస్తే నెలకు తొంభై, అంటే ఆరు నుంచి తొమ్మిది నెలలు. పైన బట్ట చిరగకపోయినా, అడుగు అరగకపోయినా సరే. మిడ్‌సోల్ పక్కన ముడతలు పడ్డాయా చూడండి, చదునైన బల్ల మీద పెట్టి వెనకనుంచి చూస్తే ఒకవైపు ఒరిగిందా చూడండి. కొత్తగా మోకాలో మడమో నొప్పి పుడితే ముందు షూని అనుమానించండి.

వానకు తడిస్తే ఇన్‌సోల్ తీసి, లోపల న్యూస్‌పేపర్ కూరి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే జిగురు విడిపోతుంది, వాషింగ్ మెషీన్‌లో వేస్తే నురగ పాడవుతుంది. చెమట బాగా పట్టేవాళ్లు రెండు జతలు మార్చి మార్చి వేసుకోవడం మంచిది.

కొన్న రోజునే ఇన్‌సోల్ కింద పెన్నుతో తేదీ రాయండి. ఎన్నాళ్లయిందో మనకు గుర్తుండదు. నురగ పోయిన జతని పనివాళ్లకో వాచ్‌మన్‌కో ఇచ్చేయకండి, రోజంతా నిలబడే వాళ్ల కాళ్లకు అది ఇంకా చెడ్డది. మొక్కలకు నీళ్లు పోసేటప్పుడు వేసుకోవడానికి పెరట్లో ఉంచుకోండి.